అవతలి మెయిల్ సర్వర్ బైనరీ మెయిల్ తీసుకుంటుందా? దాన్నే అడిగి తెలుసుకోవడం ఎలా

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒకాయన రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చేశారు. "ఏటి బాబూ, ఫైలు మళ్లీ ఎనక్కొచ్చేసింది. పొద్దున్నకల్లా ఆళ్లకి అందాల" అన్నారు. కొనేవాళ్లు అడిగిన ల్యాబ్ రిపోర్టు, డబ్ల్యూ-320 రకం పప్పు ఫొటోలు కలిపి 20 ఎంబీల పీడీఎఫ్ అది. అవతలివాళ్లు 25 ఎంబీల దాకా తీసుకుంటామని ముందే చెప్పారట. మరి 20 ఎందుకు పట్టలేదు? ఆయన నెట్‌నే అనుమానించారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు, సిగ్నల్ లేకుండా చేసినప్పటి నుంచి మా వైపు ఏ మెయిల్ ఆగినా ముందు లైన్ మీదే అనుమానం పోతుంది. ఈసారి లైన్ తప్పేమీ లేదు.

శ్రీకాకుళంలో కూర్చుని ఇలాంటి చిన్న వ్యాపారాల మెయిల్ చూసుకోవడం నా పని. ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. అవతలి సర్వర్ ఏం తీసుకుంటుందో ఊహించుకుంటూ టెన్షన్ పడక్కర్లేదు. పద్ధతి ప్రకారం అడిగితే అదే చెబుతుంది. లారీ ఎక్కించే ముందు గోడౌన్‌కి ఫోన్ చేసి "ఏ సరుకు దించుకుంటారు, ఎన్ని టన్నులు పడుతుంది?" అని కనుక్కుంటాం కదా, ఇదీ అంతే. ఆ అడగడం ఎలాగో ఇక్కడ వరసగా చెబుతాను.

కమాండ్లను తెలుగులో పలికే తీరులోనే రాస్తున్నాను. మీరు మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేయాలి. సర్వర్‌తో మాట్లాడే కమాండ్లకు పెద్ద అక్షరాలైనా చిన్న అక్షరాలైనా ఒకటే.

ముందు, బైనరీ అంటే ఏమిటో

1982లో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 821 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం ప్రకారం మెయిల్‌లో 7 బిట్ల అక్షరాలే వెళ్లాలి, ఒక్కో లైను చివరి గుర్తులతో కలిపి 1000 అక్షరాలు దాటకూడదు. ఇంగ్లీష్ ఉత్తరాలకి అది చాలు. ఫొటో, పీడీఎఫ్ లాంటి అక్షరాలు కాని బైట్ల ఫైళ్లకి, అంటే బైనరీకి, చాలదు. అందుకే వాటిని బేస్64 అనే పద్ధతిలో మామూలు అక్షరాలుగా మార్చి పంపుతారు. ప్రతి 3 బైట్లూ 4 అక్షరాలవుతాయి. పైగా 76 అక్షరాలకోసారి లైను విరవాలి, దానికి ఇంకో 2 బైట్లు.

పలాస ఫైలు లెక్క చూడండి. 20 ఎంబీలంటే 2,09,71,520 బైట్లు. బేస్64 చేసి, లైన్లు విరిచేసరికి 2 కోట్ల 86 లక్షలు దాటింది. అవతలి సర్వర్ పరిమితి 25 ఎంబీలు, అంటే 2,62,14,400 బైట్లు. మెయిల్ వెనక్కి రావడానికి కారణం ఇదే. ఆ పరిమితికి అసలు ఫైలు 18 ఎంబీల లోపు ఉండాలి. 25 అన్నారు కదా అని 25 పెట్టకూడదు.

ఫైలును మార్చకుండా, ఉన్న బైట్లను ఉన్నట్టే పంపే పద్ధతి కూడా ఉంది. దాని పేరు బైనరీమైమ్. 2000 డిసెంబర్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3030లో దాని నియమాలున్నాయి. ఈ పద్ధతిలో 20 ఎంబీలు 20 ఎంబీలుగానే వెళ్తాయి. కాకపోతే అవతలి సర్వర్ ముందుగా సరేననాలి. అననప్పుడు ఆ పద్ధతిలో పంపకూడదు.

మొదటి పని: ఎవర్ని అడగాలో కనుక్కోవడం

మెయిల్ చిరునామాలో ఎట్ గుర్తు తర్వాత ఉన్న పేరే, అంటే డొమైన్ పేరే, మెయిల్ తీసుకునే సర్వర్ పేరని అనుకోవద్దు. చాలాసార్లు కాదు. ఆ డొమైన్‌కి మెయిల్ తీసుకునేది ఎవరో డీఎన్ఎస్ అనే ఇంటర్నెట్ పేర్ల పట్టికలోని ఎంఎక్స్ రికార్డులో ఉంటుంది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇలా అడగండి:

ఎన్ఎస్‌లుకప్ -టైప్=ఎంఎక్స్ డొమైన్‌పేరు

రెండు మూడు సర్వర్ పేర్లు, ఒక్కోదాని పక్కన ఒక అంకె కనిపిస్తాయి. తక్కువ అంకె ఉన్నదాన్ని ముందు ప్రయత్నించాలి. పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత అన్నిటినీ అడగాల్సి ఉంటుంది. ఎంఎక్స్ రికార్డే లేకపోతే ఆ డొమైన్ పేరునే సర్వర్‌గా తీసుకోవాలి. అంకె 0, పేరు చోట ఒక్క చుక్క ఉంటే ఆ డొమైన్ అసలు మెయిలే తీసుకోదని అర్థం. ఇక అక్కడితో ఆగిపోవచ్చు.

రెండో పని: ఎక్కడి నుంచి అడగాలి

ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది 25వ పోర్టులో, అంటే ఆ నంబరు తలుపు దగ్గర. స్పామ్ ఆపడానికి ఇంటి బ్రాడ్‌బ్యాండ్, మొబైల్ డేటాల మీద ఆ పోర్టును చాలామంది ప్రొవైడర్లు మూసే ఉంచుతారు. ఏడు రోడ్ల కూడలి దగ్గర గదిలో కూర్చుని ఎంతసేపు ప్రయత్నించినా స్క్రీన్ అలాగే నిలిచిపోయిందంటే కారణం అదే అయి ఉంటుంది. అవతలి సర్వర్ చెడిపోయిందని తేల్చేయకండి.

587వ పోర్టు తెరుచుకుంటుంది కాబట్టి దాంతో పరీక్షిద్దామని కొందరు అనుకుంటారు. ఆ పోర్టులో మీకు జవాబిచ్చేది మీ సొంత మెయిల్ ప్రొవైడర్. అవతలివాళ్ల సర్వర్ గురించి అది ఏమీ చెప్పదు. 25వ పోర్టు తెరిచి ఉన్న చోటు నుంచే అడగాలి. మీ ఆఫీసుకి సొంత మెయిల్ సర్వర్ ఉంటే దానిలోకి లాగిన్ అయి అక్కడి నుంచి అడగండి. లేదా నెలవారీ అద్దెకి తీసుకునే ఒక చిన్న సర్వర్ చూసుకోండి. అక్కడ కూడా 25 మూసి ఉండొచ్చు, డబ్బు కట్టే ముందే అడిగి తెలుసుకోండి.

మూడో పని: తలుపు తట్టి, ఆగడం

సర్వర్‌తో నేరుగా టైప్ చేసి మాట్లాడే టెల్నెట్ విండోస్‌లో మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్లు ఆన్, ఆఫ్ చేసే చోట టెల్నెట్ క్లయింట్‌కి టిక్ పెట్టండి. తర్వాత:

టెల్నెట్ సర్వర్‌పేరు 25

కలిసిన తర్వాత వెంటనే ఏమీ టైప్ చేయకండి. 220 అనే అంకెతో సర్వర్ పలకరించేదాకా ఓపిక పట్టండి. పలకరింపు పూర్తికాక ముందే మాట్లాడేవాళ్లను స్పామ్ పంపే యంత్రాలుగా లెక్కేసే సర్వర్లున్నాయి. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో పోస్ట్‌స్క్రీన్ అనే కాపలా ఉంటుంది. మామూలు సెట్టింగ్‌లో అది 6 సెకన్లు ఆగి చూస్తుంది. 220 తర్వాత హైఫన్ ఉంటే ఇంకో లైను రాబోతోందని అర్థం. హైఫన్ లేని 220 వచ్చాకే మీ వంతు.

నాలుగో పని: అసలు ప్రశ్న

ఇప్పుడు ఇలా టైప్ చేయండి:

ఈహెచ్ఎల్ఓ మీసర్వర్‌పేరు

మీ సర్వర్ పేరు నిజమైనదే ఇవ్వండి. కొత్త ఇంటికి వెళ్లి తలుపు కొట్టినప్పుడు ఫలానా ఊరి నుంచి వచ్చామని చెప్పినట్టు. అబద్ధపు పేరు చెబితే కొన్ని సర్వర్లు అక్కడే పంపేస్తాయి. పాత పద్ధతి పలకరింపు హెచ్ఈఎల్ఓ వాడకండి. దానికి సర్వర్ ఒక్క లైనులో సరే అంటుంది గానీ తనకేం వచ్చో చెప్పదు.

జవాబు దాదాపు ఇలా ఉంటుంది:

250-సర్వర్‌పేరు
250-సైజ్ 26214400
250-8బిట్‌మైమ్
250-స్టార్ట్‌టీఎల్ఎస్
250-పైప్‌లైనింగ్
250-చంకింగ్
250 బైనరీమైమ్

మనం వెతికే మాట బైనరీమైమ్. అది కనిపిస్తే సర్వర్ తీసుకుంటానంటోంది. కనిపించకపోతే తీసుకోదు. "ఉండొచ్చేమో, చెప్పడం మరిచిపోయిందేమో" అనుకోవడానికి లేదు. జాబితాలో లేనిదాన్ని వాడే హక్కు పంపేవాళ్లకి లేదు.

ఒక పొరపాటు నేను పదేపదే చూశాను, మొదట్లో నేనూ చేశాను. చంకింగ్ కనిపించగానే బైనరీ కూడా పడుతుందనుకోవడం. చంకింగ్ అంటే మెయిల్‌ను బీడ్యాట్ కమాండ్‌తో, ముందే బైట్ల లెక్క చెప్పి ముక్కలుగా పంపే ఏర్పాటు. బైనరీమైమ్‌కి చంకింగ్ తప్పనిసరి, చంకింగ్‌కి బైనరీమైమ్ అక్కర్లేదు. జీమెయిల్ సర్వర్లు చంకింగ్ చూపిస్తాయి, బైనరీమైమ్ చూపించవు. పోస్ట్‌ఫిక్స్ 3.4 నుంచి, అలాంటిదే అయిన ఎగ్జిమ్ 4.88 నుంచి చంకింగ్ ఉంది, బైనరీమైమ్ లేదు. మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ సర్వర్లు రెండూ చూపిస్తాయి. అంటే మీరు అడిగే సర్వర్లలో చాలావాటి జవాబు "లేదు" అనే వస్తుంది. దానికి నిరాశపడక్కర్లేదు, తెలిసింది కదా.

8బిట్‌మైమ్‌ను కూడా బైనరీగా పొరబడతారు. అది 7 బిట్లు దాటి ఎనిమిదో బిట్టు వాడే అక్షరాలను ఒప్పుకుంటుంది గానీ లైన్ల పొడవు నియమం అలాగే ఉంటుంది, సున్నా బైట్ రాకూడదు. ఫొటో బైట్లలో లైన్లు ఉండవు, సున్నాలు బోలెడుంటాయి. కాబట్టి 8బిట్‌మైమ్ మీద ఫొటో అలాగే వెళ్లదు.

తెలుగులో ఉత్తరాలు రాసే మనకి మాత్రం 8బిట్‌మైమ్ చాలా ముఖ్యం. తెలుగు రాతకి కంప్యూటర్లు వాడే యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం గానీ, గుణింతం గుర్తు గానీ ఒక్కోటీ 3 బైట్లు. "శ్రీకాకుళం" అన్న పేరులో అలాంటివి 10 ఉన్నాయి, అంటే 30 బైట్లు. 8బిట్‌మైమ్ ఉన్న సర్వర్‌కి ఆ 30 బైట్లూ అలాగే వెళ్తాయి. లేకపోతే బేస్64లో 40 అక్షరాలవుతాయి, కోటెడ్-ప్రింటబుల్ అనే ఇంకో పద్ధతిలో ఏకంగా 90. మన ఊరి పేరు రాయడానికి మూడింతల చోటు. అందుకే జాబితా చూసినప్పుడల్లా ఈ లైను కూడా చూడమంటాను.

ఒక్కోసారి పలకరింపులో పేరు బదులు నక్షత్రాల వరస, జాబితాలో మాటల బదులు ఎక్స్ అక్షరాల వరస వస్తాయి. అది సర్వర్ మాట కాదు. మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ తనకి తెలియని మాటలను చెరిపేస్తోంది. ఆ ఫైర్‌వాల్ మీ వైపుదైనా కావచ్చు, వాళ్ల వైపుదైనా కావచ్చు. వేరే చోటు నుంచి మళ్లీ అడిగితే తెలుస్తుంది.

ఐదో పని: తాళం వేశాక మళ్లీ అడగడం

జాబితాలో స్టార్ట్‌టీఎల్ఎస్, అంటే ఎన్‌క్రిప్షన్‌కి మారే వీలు, ఉంటే పని ఇంకా పూర్తి కాలేదు. ఇప్పుడు మెయిల్ చాలావరకు ఎన్‌క్రిప్షన్ మీదే వెళ్తుంది. ఎన్‌క్రిప్షన్ మొదలయ్యాక సర్వర్ ఇచ్చే జాబితా ముందుదానికన్నా వేరుగా ఉండొచ్చు. నిజంగా లెక్కలోకి వచ్చేది రెండో జాబితాయే. టెల్నెట్‌తో ఇది కుదరదు. ఎన్‌క్రిప్షన్ మీద మాట్లాడగల ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ప్రోగ్రామ్ కావాలి:

ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఎస్_క్లయింట్ -కనెక్ట్ సర్వర్‌పేరు:25 -స్టార్ట్‌టీఎల్ఎస్ ఎస్ఎంటీపీ -సీఆర్ఎల్ఎఫ్

దీన్ని చిన్న అక్షరాల్లోనే టైప్ చేయాలి. కనెక్ట్ అయ్యాక సర్టిఫికెట్ వివరాలు చాలా వస్తాయి, వాటి కింద మళ్లీ ఈహెచ్ఎల్ఓ అడగండి. ఒక జాగ్రత్త. ఈ కిటికీలో లైను మొదట్లో పెద్ద అక్షరం ఆర్ గానీ క్యూ గానీ పడితే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ దాన్ని తనకిచ్చిన ఆదేశంగా తీసుకుంటుంది. క్యూ పడితే కనెక్షనే తెగిపోతుంది. కాబట్టి ఇక్కడ అన్నీ చిన్న అక్షరాల్లోనే రాయండి.

ఆరో పని: మాట మీద నిలబడుతుందా

బైనరీమైమ్ జాబితాలో కనిపించినప్పుడే ఇది చేయండి:

మెయిల్ ఫ్రమ్:<మీ చిరునామా> బాడీ=బైనరీమైమ్

250 వస్తే ఒప్పుకున్నట్టు. 501, 504, 555 లాంటివి వస్తే జాబితాలో చెప్పినదానికీ చేసేదానికీ పొంతన లేదు, ఆ సర్వర్‌ని నమ్మకండి. పరిమాణం కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. అదే లైను చివర సైజ్=28700000 అని చేరిస్తే, అంత పెద్దది తీసుకోని సర్వర్ 552తో వెంటనే చెప్పేస్తుంది. 28 ఎంబీలు ఎక్కించాక తిప్పికొట్టించుకునే బాధ తప్పుతుంది.

తర్వాత ఆర్ఎస్ఈటీ కొట్టి ఆ మెయిల్‌ని రద్దు చేయండి. క్యూయూఐటీ కొట్టి బయటికి రండి, సర్వర్ 221 అంటుంది. చెప్పకుండా కిటికీ మూసేయకండి. ఇతరుల సర్వర్‌ని నిమిషానికి పదిసార్లు అడగడం కూడా మర్యాద కాదు. అలా చేస్తే మీ అడ్రస్‌ని నిషేధించే అవకాశం ఉంది.

ఏడో పని: ఒక నిజమైన మెయిల్ పంపి చూడటం

ఇది అందరికీ అక్కర్లేదు. రోజూ పెద్ద ఫైళ్లు పంపాల్సిన వాళ్లయితే తప్పకుండా చేయండి. ఎందుకంటే ఇంతవరకూ మనకి తెలిసింది గుమ్మం దగ్గర ఉన్న సర్వర్ సంగతే. దాని వెనక స్పామ్ జల్లెడ ఉండొచ్చు, ఇంకో పాత సర్వర్ ఉండొచ్చు. గుమ్మం దాటిన పెట్టె వంటింటి దాకా చేరిందో లేదో గుమ్మం చెప్పదు.

అవతలివాళ్ల అనుమతి తీసుకోండి. 0 నుంచి 255 వరకు ప్రతి బైట్ ఒకసారైనా ఉండేలా చిన్న ఫైలు తయారు చేయండి. దానిలో సున్నా బైట్, లైను చివరి గుర్తులైన 13, 10 బైట్లు జంట లేకుండా ఒంటరిగా, విడిగా ఒక లైనులో ఒక్క చుక్క ఉండాలి. పాత పద్ధతిలో మెయిల్‌ని పాడుచేసేవి ఇవే. ఒంటరి చుక్క లైను కనిపిస్తే పాత డేటా కమాండ్ మెయిల్ అయిపోయిందనుకుంటుంది. బీడ్యాట్‌లో బైట్ల లెక్క ముందే చెబుతాం కాబట్టి ఆ గొడవ లేదు.

దీన్ని చేత్తో టైప్ చేసి పంపలేం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మెయిల్ పనికి ఉన్న ఎస్ఎంటీపీలిబ్ వాడండి. హెడర్లలో కంటెంట్-ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్ దగ్గర బైనరీ అని రాయాలి. అటాచ్‌మెంట్‌గా పంపితే లోపలి భాగానికే కాదు, భాగాలన్నిటినీ కలిపే బయటి మల్టీపార్ట్‌కి కూడా బైనరీ అనే ఉండాలి, చాలామంది ఇది మరిచిపోతారు. మెయిల్ ఫ్రమ్, గ్రహీత చిరునామా అయ్యాక "బీడ్యాట్ బైట్లసంఖ్య లాస్ట్" అని పంపి, వెంటనే సరిగ్గా అన్ని బైట్లూ పంపాలి. ఒక్క బైట్ ఎక్కువైనా తక్కువైనా సంభాషణ చెడిపోతుంది. 250 వస్తే తీసుకున్నట్టు. బైనరీమైమ్ అని చెప్పి డేటా కమాండ్ వాడితే మాత్రం 503 వస్తుంది.

అవతలివాళ్లను ఆ ఫైలు సేవ్ చేసి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్, అంటే ఫైలు బైట్ల నుంచి లెక్కించే వేలిముద్ర లాంటిది, తీయమనండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ -హ్యాష్‌ఫైల్ అనే కమాండ్‌కి ఫైలు పేరు, చివర ఎస్‌హెచ్‌ఏ256 అని చేరిస్తే వస్తుంది. మీ హ్యాష్, వాళ్ల హ్యాష్ ఒకటైతే ఒక్క బైట్ కూడా మారలేదు. తర్వాత మెయిల్ అసలు రూపం తెరిచి ఎన్‌కోడింగ్ లైను చూడమనండి. అక్కడ బేస్64 అని ఉంటే దారిలో ఏదో ఒక సర్వర్ మార్చింది. ఫైలు బాగానే ఉంటుంది గానీ మెయిల్ దారిలో మారలేదని రుజువు చేసే డీకిమ్ సంతకం చెడుతుంది, ఎందుకంటే సంతకం చేసినప్పటి బైట్లు ఇప్పుడు లేవు. అలాంటి మెయిల్ స్పామ్‌లో పడొచ్చు. అందుకే మెయిల్ చేరే దారిలోని సర్వర్లన్నీ నా ఎరుకలో లేకపోతే వ్యాపారం మెయిల్‌ని బైనరీలో పంపను, బేస్64లోనే పంపుతాను. అందడం ముఖ్యం, చోటు ఆదా తర్వాత.

ఇంకా రెండు మాటలు

కాగితం మీద రాసుకున్న మిగతా ఎంఎక్స్ సర్వర్లనూ ఇలాగే అడగండి. మొదటిది పనిచేయని రోజు మెయిల్ రెండోదానికి వెళ్తుంది, దాని జాబితా వేరుగా ఉండొచ్చు. డొమైన్లు ఎక్కువైతే ఒక్కోదాన్ని చేత్తో అడగడం కష్టం. స్వాక్స్ అనే పరికరంలో ఈహెచ్ఎల్ఓ తర్వాత ఆగిపొమ్మని చెప్పే వీలుంది. పైథాన్‌లో అయితే ఈహెచ్ఎల్ఓ పంపాక హ్యాజ్_ఎక్స్‌టెన్ అనే ఫంక్షన్‌ని బైనరీమైమ్ అన్న మాటతో పిలిస్తే ఉందో లేదో ఒక్క లైనులో చెబుతుంది.

ఫలితాన్ని తేదీతో సహా రాసి పెట్టుకోండి. కంపెనీలు సర్వర్లు మారుస్తూనే ఉంటాయి, పోయినేడాది జవాబు ఈ ఏడాది చెల్లకపోవచ్చు.

ఆ రాత్రి పలాస ఆయన కోసం నేను అడిగిన సర్వర్ చంకింగ్ ఉందంది, బైనరీమైమ్ లేదంది, సైజ్ 26214400 అంది. ఫొటోలను కాస్త చిన్నవి చేసి పీడీఎఫ్‌ని 16 ఎంబీలకి తెచ్చాం. పదిన్నరకి పంపితే ఒక్కసారికే వెళ్లింది. పొద్దున్న కొనేవాళ్ల దగ్గర్నుంచి అందిందని జవాబు వచ్చాకే ఆయన నాకు మళ్లీ ఫోన్ చేశారు.